నిద్ర భత్యం

ఈసారి సర్కారు పైసలు ఇవ్వలేదు. నిద్ర ఇచ్చింది.

రోగం మొదటి దఫా వచ్చినప్పుడు బియ్యమూ, తలా ఇన్ని రూపాయలూ పంచారు. రెండో దఫా వచ్చేసరికి ఖజానా అడుగంటిందన్నారు. అడుగంటిందో లేదో కూలోడిని పిలిచి ఎవడు చూపిస్తాడు? పని బందు, బజారు బందు, బస్సు బందు. కడుపొక్కటే బందు కాలేదు. దాన్ని కూడా బందు పెట్టే మందు దొరికిందని ఒక పొద్దున మైకు కట్టిన ఆటో వాడవాడా తిరిగి చెప్పింది. నాలుక కింద రెండు చుక్కలు వేస్తారు. వానలు పడేదాకా మనిషి పడుకునే ఉంటాడు. ఆకలి ఉండదు, రోగం అంటదు. ఇంటికి ఒక్కరు మాత్రం మెలకువగా ఉండి మిగతావాళ్ళను చూసుకోవాలి. ఆ ఒక్కరికీ తిండిగింజలు, నెలనెలా భత్యం. "మీరు నిశ్చింతగా నిద్రపోండి, మీ బరువు సర్కారు మోస్తుంది" అని ఆటోలోని గొంతు ఉయ్యాల ఊపినంత మెత్తగా పలికింది.

మానేరు ఒడ్డున ఉన్న సాలెవాడలో ఆ మాట విని నవ్వినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడివాళ్ళకు నిద్రపట్టక అప్పటికే చాలా రోజులయింది. ఆకలి ఒక కారణం. నిశ్శబ్దం రెండోది. సాలెవాడలో మరమగ్గాన్ని సాంచ అంటారు. పుట్టిన పిల్ల మొదటినుంచీ వినేది తల్లి గొంతుతో పాటు సాంచ చప్పుడే. దడదడమని అది మోగుతుంటే దాని పక్కనే చాప వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోతారు. కరెంటు పోయి అది ఆగిందంటే వాడంతా ఒక్కసారి కళ్ళు తెరుస్తుంది. రోగం వచ్చి కార్ఖానాలకు తాళాలు పడ్డాక ఆ చప్పుడు లేక జనం గోడలకు ఒరిగి కూర్చుని తెల్లవార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వనజ ఇంట్లో ముగ్గురు. సాంచకు అందించే నూలు కండెలు చుట్టడం ఆమె పని. మొగుడు రాజేశం సేటు గోవర్ధన్ కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. బిడ్డ హారిక మూడో తరగతి. ముందు గదిలో రాజేశం తండ్రి వదిలిపోయిన పాత సాంచ ఒకటి ఉంది. మెలకువగా ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ దాని పక్కనే కూర్చుని వాదులాడుకున్నారు.

"నేనుంటనే. నువ్వూ పోరీ పండుకోండ్రి."

"నీకు దగ్గున్నది. రోగమొస్తే మొదలు నిన్నే పట్టుకుంటది. పండుకున్నోళ్ళకు అంటదన్నరు గద."

"ఒక్కదానివి భయపడవా?"

"భయమెందుకు? మీరిద్దరు ఇంట్లనే ఉంటరాయె."

"ఉండీ లేనట్టే గదనే."

"ఇప్పుడు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నవ్, పొద్దుమాపు గోడ దిక్కు జూసుడే గద" అంది వనజ. రాజేశం నవ్వి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. దాంతో వాదన ముగిసింది.

బడిలో చుక్కలు వేశారు. పోలియో చుక్కలకు తెచ్చినట్టు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని తెచ్చారు. హారిక నడిచే వచ్చింది.

"అమ్మా, కలలొస్తయా?"

"వస్తయి బిడ్డా."

"అన్నం తిన్నట్టు వస్తయా?"

"వస్తయి."

"అయితె ఎయ్యుమను" అని ఆ పిల్ల నోరు తెరిచింది.

*

మానేరు ఇసుక తెచ్చి ఇళ్ళల్లో పరిచారు. దాన్ని తడిపి, పైన తెల్ల గుడ్డ వేసి, దాని మీద మనుషుల్ని పడుకోబెట్టారు. చుక్కలు పడ్డ ఒళ్ళు మెల్లగా చల్లబడుతుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకునేలోపల కాకి ఒక ఇంటి మీదినుంచి ఇంకో ఇంటి మీదికి ఎగిరిపోతుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి కాచుకుంటే ఎప్పుడో ఒక ఊపిరి, చెరువు మీదినుంచి వచ్చిన గాలిలా, తగిలీ తగలనట్టు తగులుతుంది. పొద్దునా సాయంత్రం తేనెనీళ్ళలో ముంచిన గుడ్డతో పెదాలు తుడవాలి. పక్క మార్చాలి. ఇసుక ఆరనివ్వకూడదు. అంతే పని.

వాడంతా తడి ఇసుక వాసన. ఎండాకాలం నడిమధ్య ఎప్పుడూ వాన వెలిసినట్టే ఉండేది. కార్ఖానా గుమ్మాల్లో గడ్డి మొలిచింది. ఒకనాడు నెమలి ఒకటి మానేరు దిక్కునుంచి వచ్చి నడివీధిలో తోక ఈడ్చుకుంటూ చివరిదాకా నడిచిపోయింది. గుమ్మాల్లో నిలబడ్డ మెలకువ మనుషులు దాన్ని చూశారు గాని ఎవరూ కేక వేయలేదు. పడుకున్నవాళ్ళు కేకకు లేవరని తెలిసీ అందరూ గుసగుసగానే మాట్లాడుకునేవాళ్ళు. వనజకు తాను నడుస్తున్నది నేల మీద కాదనీ, ఎవరో కంటున్న కలలో ఒక మూలన తనను నిలబెట్టారనీ అనిపించేది. పడుకున్న మొహాల మీద కలలు మబ్బునీడల్లా పోతుండేవి. వాటి కిందినుంచి చూసే తాను మాత్రం ఎండలో ఉన్నట్టు.

కొన్నాళ్ళకు ఆ మొహాలు ముడుచుకోవడం మొదలైంది. హారిక నొసలు చిట్లించేది. కింది పెదవి వణికేది. కళ్ళు మూసుకునే, గొంతు లేకుండానే వెక్కేది.

పక్కింటి కనకవ్వ గోడ మీదినుంచి తొంగిచూసింది. కొడుకు భివండిలో సాంచలు నడుపుతూ అక్కడే చిక్కుకుపోతే, ముసలామె ఇక్కడ కోడలికీ మనవడికీ మెలకువగా ఉంది.

"నీ బిడ్డ గూడ ఏడుస్తుందా వనజా?"

"ఏడుస్తుందవ్వా. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

"మా పోరడు గంతే. సప్పుడు లేదు గద. సప్పుడు లేక బుగులు వడుతున్నరు పిల్లలు."

వనజ చేసింది సాలెవాడ మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని. పోయి ముందు గదిలోని పాత సాంచ మీట నొక్కింది. పోగు లేదు, కండె లేదు. ఉత్త సాంచ దడదడ మోగింది. హారిక నొసలు ఎవరో చేత్తో నిమిరినట్టు సాపైంది. పెదాలు కదిలాయి.

"ఇంకొంచెం పప్పు" అంది నిద్రలో.

వనజ సాంచకు ఒరిగి ఏడ్చింది. అవతల గదిలో రాజేశం చేతులు ఇసుక మీదినుంచి లేచి, గాలిలో తెగిన పోగు పట్టుకుని, రెండు వేళ్ళతో ముడివేసి, మళ్ళీ వాలాయి. మళ్ళీ లేచాయి. మళ్ళీ ముడివేశాయి. చూస్తే ఆమెకు ముచ్చటేసింది. మొగుడు పనిలో ఉన్నాడు, బిడ్డ పప్పన్నం తింటోంది, సాంచ మోగుతోంది. ఇంతకన్నా మంచి దినాలు తమకెప్పుడున్నాయని?

పొద్దు గుంకేసరికి ఇంటింటా సాంచలు మోగాయి. ఇంట్లో సాంచ లేనివాళ్ళు సేటు కార్ఖానా తాళం పగలగొట్టి నడిపారు. చప్పుడు విని సేటు గోవర్ధన్ మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. తిడతాడనుకున్నారు. తిట్టలేదు.

"ఉట్టిగ ఎందుకు నడుపుతున్రు? నూలేస్త, నెయ్యిండ్రి."

"కూలెంత సేటూ?" అంది కనకవ్వ.

"సగం ఇస్త. మీకు సర్కారు భత్యం వస్తుంది గదవ్వా, మల్ల పూర కూలెందుకు?"

"సర్కారు నాకిస్తే నీకు మిగిలిందన్నట్టు."

"అన్ని నీకే సమజైతయి" అని సేటు నవ్వాడు. భత్యం సర్కారు నేతగానికి ఇచ్చింది. దాన్ని తిన్నది సేటు. ఏ సాయమైనా పైనుంచి కిందికి దిగేటప్పుడు నడుమ ఒక నోరు తెరుచుకునే ఉంటుంది.

తెల్లని గుడ్డ, వెడల్పు పన్నా. థానులు థానులు లారీకెక్కాయి. ఎక్కడికని వనజ అడగలేదు. సాంచ చప్పుడులో ఆమెకే కళ్ళు బరువెక్కేవి. నడుస్తూ నిద్రపోయేది, నిద్రపోతూ నడిచేది.

*

బడిలో ఒక గది డాక్టరమ్మకు ఇచ్చారు. ఆమె పేరు ఫర్హానా. మందు ఆమె కనిపెట్టిందే. హైదరాబాదులోని ప్రయోగశాలనుంచి సగం సామాను తెచ్చి మూడో తరగతి గదిలో పెట్టుకుంది. పడుకున్న ప్రతి మనిషి మణికట్టుకూ ఒక బిళ్ళ కట్టి ఉంటుంది. వాళ్ళ గుండెల కదలికలు ఆ గదిలోని తెర మీద సన్నని గీతలుగా పారుతుంటాయి. పలకలు పెట్టుకునే బల్లల మీద గాజు జాడీలు, జాడీల్లో ఎండి బీటలువారిన బురద.

వనజ తేనెనీళ్ళ పొడికోసం పోయినప్పుడు డాక్టరమ్మ ఒక జాడీ ముందుకు జరిపింది.

"ఇందులో ఏముందో చెప్పు."

"మట్టి."

డాక్టరమ్మ చిల్లుల గిన్నెలోంచి నీళ్ళు వాన పడ్డట్టు చల్లింది. టపటపమని చుక్కలు పడ్డాయి. కొంచెంసేపటికి బురద ఉబ్బి, పగిలి, లోపలినుంచి రెండు కళ్ళు బయటికి వచ్చాయి. కప్ప.

"ఎండాకాలమంతా ఇది ఇట్లనే ఉంటది. తినది, తాగది. వాన చప్పుడు వినాలె, అప్పుడు లేస్తది. దీని ఒంట్లో ఉన్నదే మీవాళ్ళకిచ్చిన చుక్క."

"మా వాళ్ళను కప్పలను జేసినవన్నట్టు."

ఫర్హానా నొచ్చుకోలేదు. "కరువు కోసం చేసిన వనజా. తిండి దొరికేదాకా ప్రాణం నిలబడాలని. తిండి పెట్టకుండ తప్పించుకోనీకి వాడుతరని నాకేమెరుక?"

వానలు పడ్డాయి. రోగం తగ్గింది. లేపే చుక్కలు వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళలో చుక్క పడిన సాయంత్రానికే, రేకుల మీద వాన దడదడలాడుతుంటే రైతులు ఒళ్ళు విరుచుకుని లేచి కూర్చున్నారని కబురొచ్చింది. సాలెవాడలో కూడా చుక్కలు వేశారు. వనజ ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పప్పు ఎక్కించి గుమ్మంలో కూర్చుంది.

ఎవరూ లేవలేదు. మర్నాడూ లేవలేదు. పప్పు పులిసిపోయింది. సాంచ మోగుతూనే ఉంది.

ఆపైన హారిక పాదాలు వేరుగా చల్లబడ్డాయి. నిద్ర చలువ కాదది. బావిలోతున రాయిని ముట్టినట్టుంది. రాజేశానికి చీలమండలు దాటి పిక్కల్లోకి పాకింది. మనిషి చిక్కిపోయాడు. చేతులు మాత్రం లేస్తున్నాయి, ముడివేస్తున్నాయి, వాలుతున్నాయి.

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. పిల్ల కాళ్ళు తడిమింది.

"పడుకున్న ఒళ్ళు తన కొవ్వును తనే తింటది. అదైపోయినంక కండను తింటది. చలి మోకాలు దాటితే ఇగ నా మందు పని చెయ్యది."

"మరి ఎందుకు లేస్తలేరు?"

"అదే తెలుస్తలేదు."

అప్పుడే కరెంటు పోయింది. సాంచ ఆగింది. వాడలో అన్ని సాంచలూ ఒక్కొక్కటే ఆగి, నిశ్శబ్దం కప్పులమీదినుంచి నీళ్ళలా కిందికి జారింది. హారిక కనురెప్ప అదిరింది. డాక్టరమ్మ చేతిలోని చిన్న తెర మీద సన్నని గీత చేపలా ఎగిరింది. పిల్ల నోరు తెరిచి పెద్ద ఊపిరి తీసింది. వనజ "బిడ్డా" అని వంగేలోపల కరెంటు వచ్చింది. సాంచ దడదడమంది. రెప్ప వాలింది. గీత మునిగిపోయింది.

ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఈ మిషిన్లు నడపమని ఎవరు చెప్పిన్రు?" అంది ఫర్హానా.

"ఎవరు జెప్పలె. నేనే మొదలువెట్టిన."

"కప్పకు వాన చప్పుడు. వీళ్ళకు..."

"సాంచ మోగితె మా ఇంట్ల బువ్వున్నట్టు డాక్టరమ్మా. అంత మంచిగున్నట్టు. ఇగ ఎందుకు లేస్తరు? ఆగితె పస్తు. గప్పుడు లేస్తరు." వనజ లేచి పోయి మీట నొక్కి తన సాంచను ఆపేసింది. వాడనిండా మిగిలినవి మోగుతూనే ఉన్నాయి. గోడలు వణుకుతూనే ఉన్నాయి. పిల్ల మొహం నున్నగా, ఎక్కడో కంచం ముందు కూర్చున్నట్టుగానే ఉంది.

డాక్టరమ్మ పథకం ఆఫీసరు దగ్గరికి పోయి వచ్చింది. వచ్చేటప్పుడు మొహం చూస్తేనే తెలిసింది.

"ఆపనియ్యడట. సేటుకు సర్కారు ఆర్డరున్నది. ఈ తెల్లబట్ట దేనికో తెలుసా నీకు? వేరే జిల్లాల్లో పడుకోబెట్టేవాళ్ళ కింద పరచనీకి."

వనజ తన చేతులవంక చూసుకుంది.

"లేవకుంటే నష్టమేంటి అన్నడు. వాళ్ళేం తిండి అడుగుతలేరు గదా అన్నడు. నన్ను రేపు హైదరాబాదు బండెక్కమన్నడు."

"మరి పోతవా?"

"పోను. మూడో తరగతి గదిలోనే ఉంట. తాళమేసుకుంట."

*

వనజ ఇల్లిల్లూ తిరిగింది. సాంచలు ఆపమంది. కొందరు నమ్మారు. కొందరు ఆపితే పిల్లలు మళ్ళీ వెక్కుతారని చెవులు మూసుకున్నారు. ఎవరైనా సాంచ ఆపితే వాళ్ళ భత్యం కోయిస్తానని సేటు గుమ్మం గుమ్మం ముందూ నిలబడి చెప్పిపోయాడు. ఒక ఇల్లు ఆగితే పదిళ్ళు మోగేవి. అన్నీ ఒక్కసారి ఆగాలి. ఒక పూట ఆగాలి. వనజ వచ్చి కనకవ్వ అరుగు మీద కూలబడింది.

"ఏందే, దయ్యం వట్టినట్టు తిరుగుతున్నవ్?"

"ఒక్కపూట ఆపుండ్రంటె ఒక్కలు ఇంటలేరవ్వా."

"ఎట్ల ఆపుతరు? మనకాడ సాంచ ఎప్పుడాగుతదే? మనిషి సస్తేనే ఆగుతది."

ఆ మాట అన్నాక కనకవ్వే చటుక్కున వనజ వైపు తిరిగింది. సాలెవాడలో చావు జరిగితే పాడె వాడ దాటేదాకా ఏ సాంచా మోగదు. పేదోడు చచ్చినా, ఉన్నోడు చచ్చినా. సేటు తాత కాలంనుంచీ సేట్లు కూడా తప్పలేదు. తప్పితే ఆ ఏడు నూలు తెగుతుందని వాళ్ళకూ భయమే.

"నేను సస్త తియ్యి" అంది కనకవ్వ.

"అవ్వా."

"నిజంగ కాదే పిచ్చిదానా. పాడె కట్టు, పండుకుంట. నా కొడుకు భివండి నుంచి రావాలె గద. వాడొచ్చేదాకా పాడె లేవది. ఎంతసేపాగాల్నో అంతసేపాగుతయి సాంచలు."

"నీకు పాపం తాకదా?"

"మస్తు సార్లు సచ్చిన గని ఎవ్వలు సాంచ ఆపలె. గీసారన్న ఆపనీ" అంది ముసలామె, ముక్కుపుడక సర్దుకుంటూ.

మరునాడు పొద్దున్నే వనజ నడివీధిలో నిలబడి గొంతెత్తింది. "కనకవ్వ పోయిందుల్లా."

మొదట ఎదురింటి సాంచ ఆగింది. తర్వాత దాని పక్కది. గాలివాన తగ్గుతున్నట్టు చప్పుడు వీధి చివరిదాకా పలచబడుతూ పోయింది. ఆఖరున సేటు కార్ఖానాలో గొలుసు గలగలమని ఆగింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దానికి పిట్టలు కూడా జడిసి ఎగిరాయి.

వీధి మధ్యన వెదురు పాడె మీద కనకవ్వ కళ్ళు మూసుకుని, నుదుట రూపాయి కాసుతో, దర్జాగా పడుకుంది. వనజ తలాపున కూర్చుని విసురుతోంది.

"ఈగలొస్తున్నయే" అంది శవం, పెదవి కదలకుండా.

"మాట్లాడకు."

"ముక్కు మీద కూసున్నది. కొట్టరాదు."

సేటు బంతిపూల దండతో వచ్చాడు. కనకవ్వ ఊపిరి బిగబట్టింది. సేటు దండ వేసి, చేతులు జోడించి, "కొడుకెప్పుడొస్తడు?" అని మెల్లగా అడిగాడు.

"బండ్లు సక్కగ నడుస్తలేవు గద సేటూ. మాపటికొస్తడేమో."

"మాపటిదాకనా? లారీ లోడు గావాలె."

"గట్లయితె నడుపు సేటూ" అంది వనజ. "అవ్వ ఏమన్న లేసొచ్చి అడుగుతదా."

సేటు పాడె వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. నడపమనలేదు.

మధ్యాహ్నం ఎండ వీధిలోకి వంగుతుండగా వనజ లేచి లోపలికి పోయింది. డాక్టరమ్మ అప్పటికే హారిక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఇల్లు ఇల్లంతా నీటి అడుగున ఉన్నట్టుంది. పిల్ల నొసలు చిట్లింది. పెదవి వణికింది. వెక్కింది. ఆ వెక్కులు చూస్తుంటే సాంచ మీటవైపు వనజ చెయ్యి తనంతట తానే సాగింది. ఫర్హానా ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

హారిక కళ్ళు తెరిచింది. కప్పు వైపు చూసింది. తల్లి వైపు చూసింది.

"అమ్మా, కరెంటు పోయిందా?"

పక్కింట్లోంచీ అదే మాట. ఎదురింట్లోంచీ. బొంగురు గొంతులు, పసి గొంతులు, నీళ్ళలోంచి బుడగలు పైకి వచ్చినట్టు గుమ్మాల్లోంచి ఒకటొకటే వచ్చాయి. కరెంటు పోయిందా. ఎప్పుడు పోయింది. ఇంకా రాలేదా. వీధిలో కనకవ్వ మనవడు తూలుకుంటూ గుమ్మం దాటి, పాడె మీద నాయనమ్మను చూసి బావురుమన్నాడు. కనకవ్వ లేచి కూర్చుని దండ తీసి వాడి మెళ్ళో వేసింది. సేటు గోడకు అతుక్కుపోయాడు.

"భయపడకు సేటూ" అంది ముసలామె. "పైన గూడ కూలి సగమే ఇస్తమన్నరు, మర్లొచ్చిన."

లోపల వనజ బిడ్డ నోట్లో గంజి పోస్తూ అవతల గదిలోకి మెడ సాచి పిలిచింది. "ఏమయ్యో, లేవరాదు. పోరి లేసింది."

పలకలేదు. పోయి చూసింది. సాంచలు ఆగినప్పుడు రాజేశం చేతులు గాలిలో ఎక్కడున్నాయో అక్కడినుంచి ఛాతీ మీదికి వాలాయి. రెండు వేళ్ళు ఇంకా ఒకదానిమీద ఒకటి ఆని ఉన్నాయి. చలి మోకాళ్ళు దాటి, నడుము దాటి, ఎప్పుడు దాటిందో, ఎదదాకా వచ్చింది. డాక్టరమ్మ బిళ్ళ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంది. తర్వాత ఆ బిళ్ళను విప్పేసింది.

"ఏమైంది?"

"పడుకున్నోళ్ళు కదలొద్దు వనజా. కదిలితే ఒళ్ళు తొందరగ కరుగుతది. ఈయన చేతులు... నిద్రలో కూడా పని చేసిండు."

వనజ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. సాంచ మీట మొదట నొక్కింది ఎవరో ఆమెకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. సాంచలు నడిపిన మగవాళ్ళలో ఇంకా కొందరు ఆ పూట లేవలేదు. నిద్రలో చేతులు కదిలినవాళ్ళే వాళ్ళంతా.

*

తెల్లారి ఆఫీసరు వచ్చాడు. మంచి మనిషిలాగే మాట్లాడాడు. అరుగు మీద చెప్పులు విప్పి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపల గోడకు ఆనుకుని హారిక ఖాళీ గిన్నె నాకుతోంది. ఇన్నాళ్ళ ఆకలి ఒక్కసారే లేచి కూర్చుంది వాడనిండా. మెలకువ మనిషికిచ్చిన గింజలు ఇంటిల్లిపాదికీ ఒక్క పూటకే ఊడ్చుకుపోయాయి.

"చూడమ్మా, లేచినవాళ్ళకు పథకం ముగిసినట్టే. భత్యం రాదు. కానీ లేవనివాళ్ళు పథకంలోనే ఉంటారు. మీ ఆయన ఇంకా నిద్రలో ఉన్నాడని రాస్తాను. బియ్యం వస్తాయి, భత్యం వస్తుంది. నీకూ పాపకూ జరిగిపోతుంది."

"నిద్ర కాదు సారూ."

"డాక్టరు చెప్పింది నాకు తెలుసు. నేను రాసేదే లెక్క. నిద్రలో ఎవరూ పోలేదని పైకి చెప్పి ఉన్నాం. పోయారంటే ఏమీ రాదమ్మా. పథకంలో దానికి ఏమీ పెట్టలేదు."

"బతికినోళ్ళకు లేదు. సచ్చినోళ్ళకు లేదు. పండుకున్నోళ్ళకే ఉన్నది."

"అట్లా ఎందుకనుకుంటావు? పాప ఉంది. ఆలోచించుకో."

వనజ ఆలోచించింది. బియ్యం గురించి నిజంగానే ఆలోచించింది. లోపల ఇసుక మీద మనిషి, గోడకు ఆనుకుని బిడ్డ, నడుమ ఖాళీ గిన్నె. ఒక్క మాట. ఆ మాట అనేస్తే గిన్నె నిండుతుంది. గుమ్మాల్లో జనం నిలబడి ఇటే చూస్తున్నారు. మూడిళ్ళవతల ఎంకటేశం పెళ్ళాం, ఆ పైన నాంపల్లి అనేవాడి తల్లి, లేవనివాళ్ళను లోపల పెట్టుకుని, ఈమె ఏమంటుందోనని చూస్తున్నారు. ఈమె నిద్రంటే వాళ్ళూ నిద్రంటారు. తెల్లబట్ట నేస్తారు. ఆ బట్ట ఇంకో జిల్లాకు పోతుంది. అక్కడ ఇంకో పిల్ల అన్నం కలలు వస్తాయా అని అడుగుతుంది.

"అమ్మా, నాయిన ఇంకెప్పుడు లేస్తడు?" అంది హారిక.

వనజ బిడ్డను చేయిపట్టి లేపి గుమ్మంలోకి తెచ్చింది. అందరికీ వినబడేటట్టు, పిల్లకు మొదట వినబడేటట్టు చెప్పింది.

"లేవడు బిడ్డా. మీ నాయిన సచ్చిపోయిండు. సారూ, అదే రాసుకో. సర్కారు నిద్రల సచ్చిపోయిండని రాసుకో."

ఆఫీసరు రాయలేదు. పిల్ల తల్లి కొంగులో మొహం పెట్టుకుంది. తర్వాత మూడిళ్ళవతల ఎంకటేశం పెళ్ళాం గుమ్మం దిగి మట్టిలోకి వచ్చింది.

"మా ఆయన గూడ సారూ" అంది. "ఎంకటేశం. పేరు సరిగ్గ రాయి."